రిమ్ బ్రేక్ రోడ్ బైక్: ఫ్రేమ్, వీల్స్ మార్చాలా? ఉన్నదాన్నే నిలబెట్టుకోవాలా?

కృష్ణలంక_సైక్లిస్ట్:
నాది అల్యూమినియం ఫ్రేమ్, రిమ్ బ్రేకులు (ప్యాడ్లు చక్రం అంచునే పట్టేవి), 2x8 క్లారిస్ గేర్లు (ముందు 2, వెనక 8 పళ్ల చక్రాలు), పళ్లు ముందు 50/34, వెనక 11-28, టైర్లు 25 మి.మీ. బైక్ 10.6 కిలోలు, నేను 82. వెనక చక్రం మాటిమాటికీ వంకరపోతోంది, కుడివైపు స్పోకులు రెండు తెగాయి. ఈ సీజన్‌లో 200 కి.మీ. బీఆర్ఎం (గడువులోపు ముగించాల్సిన దూరప్రయాణం), తర్వాత 300 చేద్దామని ఉంది. తొక్కేది ఎక్కువగా ఉండవల్లి నుంచి కరకట్ట మీద అమరావతి దాకా, వారాంతాల్లో కొండపల్లి వైపు. చేతిలో 75 వేలున్నాయి. కార్బన్ ఫ్రేమ్, మంచి వీల్స్ కొని పాత గేర్లు వాటికి ఎక్కించాలా? వీల్స్ ఒక్కటే మారిస్తే చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

సీతానగరం_స్ప్రింటర్:
ముందు వీల్సే. బైకుతో వచ్చే జత 2 కిలోల పైనే ఉంటుంది. 1500 గ్రాముల జత వేస్తే అర కిలో పైగా అక్కడే తగ్గుతుంది, అదీ అంచు దగ్గర. 50 మి.మీ. లోతు రిమ్ అయితే కరకట్ట లాంటి చదును రోడ్డు మీద గాలి దెబ్బ కూడా తగ్గుతుంది. ఫ్రేమ్ సంగతి తర్వాత చూద్దాం.

స్పోక్‌కీ_గుంటూరు:
ఆ అర కిలో లెక్కే వేద్దాం. మనిషి, బైకు, రెండు సీసాల నీళ్లు, టూల్ సంచి కలిపి 95 కిలోలు అనుకోండి. అందులో అర కిలో అంటే అర శాతం. 20 నిమిషాల ఎక్కుడులో 6 సెకన్లు. అంచు బరువు రెట్టింపు లెక్క అనేది వేగం పెంచేటప్పుడు మాత్రమే, ఒకే వేగంతో పోయేవాడికి అది వర్తించదు. చదును మీద 30 కి.మీ. వేగంలో మన శక్తిలో ముప్పావు వంతు దాకా గాలికే పోతుంది, ఆ గాలిలో ఎక్కువ భాగం తగిలేది మన ఒంటికి. 200 బీఆర్ఎంకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు ఇస్తారు. ఆగినవన్నీ కలుపుకుని గంటకు 15 కి.మీ. పడితే సరిపోయింది. అక్కడ కావలసింది సెకన్లు కాదు, దారిలో చక్రం చెడిపోకపోవడం.

స్పోకులు కుడివైపే ఎందుకు తెగుతున్నాయో చూడండి. వెనక చక్రంలో క్యాసెట్ (వెనక గేర్ల గుత్తి) కోసం కుడివైపు ఫ్లాంజ్ (చక్రం నడుమ ఉండే హబ్‌కి స్పోకులు తగిలించే అంచు) లోపలికి జరిగి ఉంటుంది, అందుకే అటు బిగువు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. మెషీన్ మీద కట్టిన చవక చక్రంలో మొత్తం బిగువే తక్కువగా ఉంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ కింది స్పోకు వదులై మళ్లీ బిగుసుకుంటుంది, హబ్ దగ్గర వంపులో లోహం అలిసి అక్కడే తెగుతుంది. రెండు తెగాయంటే మిగతావీ అదే దారిలో ఉన్నాయి. ఒక్కో స్పోకు మార్చుకుంటూ పోతే లాభం లేదు. 32 రంధ్రాల హబ్, 32 రంధ్రాల అల్యూమినియం రిమ్, 2.0/1.8 డబుల్ బటెడ్ (చివర్లు లావు, మధ్య సన్నం) స్పోకులు తీసుకుని చేత్తో కట్టించండి, కుడివైపు బిగువు 110 నుంచి 120 కేజీఎఫ్ (కిలోగ్రామ్-ఫోర్స్) ఉండాలి. 82 కిలోల మనిషికి అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఉదయం_రైడ్:
ముందు టైర్లు 28 చేయండి. మిగతాది తర్వాత.

బ్రాడీపేట_పెడల్:
అందరూ ఒక విషయం వదిలేశారు. ఇప్పుడొచ్చే వీల్స్ 11 స్పీడు (వెనక 11 గేర్ల) హబ్‌తో వస్తాయి. 8 స్పీడు క్యాసెట్ వాటికి పట్టదు. వీల్స్ మారిస్తే గేర్లన్నీ మార్చాల్సిందే.

స్పోక్‌కీ_గుంటూరు:
పడుతుంది. 11 స్పీడు రోడ్ ఫ్రీహబ్ (హబ్ మీద క్యాసెట్ కూర్చునే భాగం) 1.85 మి.మీ. పొడవెక్కువ, అంతే. ముందు ఆ మందం స్పేసర్ రింగు దించి, పైన 8 స్పీడు క్యాసెట్ పెట్టి, దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అయిపోయింది. రోడ్ 11 స్పీడు క్యాసెట్‌ని పాత హబ్‌కి ఎక్కించడమే కుదరనిది.

బ్రాడీపేట_పెడల్:
స్పేసర్ వేసినా ఆడుతుందండీ. చూసి చెబుతున్నా.

స్పోక్‌కీ_గుంటూరు:
ఆడిందంటే వేసింది 1 మి.మీ. స్పేసర్ అయి ఉంటుంది. అది 10 స్పీడు క్యాసెట్లతో వచ్చేది. 1.85ది వేరు, వెర్నియర్ పెట్టి కొలవండి.

బ్రాడీపేట_పెడల్:
షాపులో 1.85 అనే ఇచ్చారు, డబ్బూ తీసుకున్నారు. హబ్ కంపెనీని బట్టి మారుతుంది, గుడ్డిగా కొనొద్దు అంటున్నాను.

సీతానగరం_స్ప్రింటర్:
స్పేసర్ దగ్గరే ఆగిపోయాం. ఆయన ఫ్రేమ్ గురించి కూడా అడిగారు. అల్యూమినియం రోడ్డు అదురంతా చేతులకు పంపిస్తుంది, 300 కి.మీ.లో అది చిన్న విషయం కాదు.

కృష్ణలంక_సైక్లిస్ట్:
అవునండీ, రాయడం మర్చిపోయాను. 80 కి.మీ. దాటాక అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఫ్రేమ్ మార్చాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

స్పోక్‌కీ_గుంటూరు:
తిమ్మిరికి ఫ్రేమ్ మందు కాదు. ముందు సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి, వాలితే ఒళ్లంతా చేతుల మీదికి జారుతుంది. తర్వాత స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క) కింద స్పేసర్లు, స్టెమ్ పొడవు. ఆ తర్వాత టైర్లు. 25లో 100 పీఎస్ఐ గాలి కొట్టి తొక్కితే ఏ ఫ్రేమ్ అయినా అదురుతుంది. మీ బరువుకు 28 టైరులో వెనక 75-80, ముందు 70-75 చాలు. 28 పడుతుందో లేదో ఇంట్లోనే తెలుస్తుంది: ఇప్పుడున్న 25 టైరుకూ బ్రేక్ కాలిపర్‌కూ మధ్య 6 మి.మీ. అలెన్ కీ దూరాలి, పక్కల చైన్‌స్టే (వెనక చక్రం పక్కనుండే ఫ్రేమ్ గొట్టం) దగ్గర 5 మి.మీ. కీ దూరాలి. అప్పుడు 28 వేశాక కూడా చుట్టూ 3 మి.మీ. ఖాళీ మిగులుతుంది.

ఇక పాత గేర్లు కొత్త కార్బన్ ఫ్రేమ్‌కి ఎక్కించడం. మీ బాటమ్ బ్రాకెట్ (పెడల్ క్రాంకులు తిరిగే బేరింగ్) స్క్వేర్ టేపర్ (చదరపు చివరల ఇరుసు) అయితే, అది 68 మి.మీ. మర ఉన్న షెల్‌లో కూర్చుంటుంది. కొత్త ఫ్రేమ్ షెల్ బీబీ86 రకమైతే మరే ఉండదు, 41 మి.మీ. రంధ్రంలో కప్పులు నొక్కి పెట్టాలి. మీ క్రాంక్ పనికిరాదు, 24 మి.మీ. ఇరుసున్న క్రాంక్ కొనాలి. కప్పుల్ని ప్రెస్ టూల్‌తో కాక సుత్తితో దించేచోట అసలు ఇవ్వకండి, వంకరగా దిగితే తొక్కిన ప్రతిసారీ టకటకమంటుంది, షెల్ కూడా దెబ్బతింటుంది. ఫ్రంట్ డీరైలర్ (ముందు గేరు మార్చేది) మీది గొట్టం చుట్టూ బిగించే క్లాంపుదైతే, బోల్టుతో తగిలించే బ్రేజ్ ఆన్ ఫ్రేమ్‌కి అది కూడా మార్పే. కొత్త ఫ్రేమ్ సీట్‌పోస్ట్ కొలత 27.2 మి.మీ. కాకపోతే అదీ కొత్తదే. కేబుళ్లు ఫ్రేమ్ లోపలినుంచి పోతాయి కాబట్టి ఇన్నర్లు, ఔటర్లు మొత్తం కొత్తవి. కార్బన్ స్టీరర్‌ని (ఫోర్క్ పై గొట్టం) ఒక్కసారి కోస్తే మళ్లీ అతకదు, ఎత్తు తేల్చుకున్నాకే కోయాలి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు బ్రేకులు. ఇప్పుడు కొత్తగా దొరికే కార్బన్ ఫ్రేముల్లో ఎక్కువ డిస్క్ బ్రేక్‌వే. ముందు 12x100, వెనక 12x142 మి.మీ. ఇరుసు. మీ 130 మి.మీ. క్విక్ రిలీజ్ (లివర్‌తో విప్పే) చక్రం అందులో పట్టదు, కాలిపర్లూ పట్టవు. ఫ్రేమ్ మార్చడం అంటే బైకే మార్చడం.

సీతానగరం_స్ప్రింటర్:
అయితే బైకే మార్చమనండి! ఉన్నది అమ్మితే వచ్చింది ఆ 75 వేలకు కలుపుకుని డిస్క్ బైక్ కొనుక్కుంటారు. మీరు ప్రతి దారీ మూసేసి చివరికి "టైర్లు, స్టెమ్" అంటారు. ఈ వేదికలో ఏ కొత్తవాడు అడిగినా మీ జవాబు అదే.

స్పోక్‌కీ_గుంటూరు:
మరి మీ మొదటి జవాబు? "50 మి.మీ. వీల్స్ కొనండి" అన్నారు. అమ్మకాల విభాగంలో వాడిన 50 మి.మీ. కార్బన్ రిమ్ బ్రేక్ జత పెట్టింది మీరే కదా. వాటి గురించి చెప్పాల్సినవి చెప్పారా? కార్బన్ రిమ్‌కి దానికి తగిన ప్యాడ్లే వాడాలని, వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుందని, పొడవాటి దిగుడులో ఆగకుండా బ్రేకు పట్టుకుంటే రిమ్ వేడికి పొరలు విడిపోవచ్చని? బ్యారేజీ మీద నది గాలికి, హైవే మీద లారీ దాటినప్పుడు లోతు రిమ్ ముందు చక్రాన్ని పక్కకు నెడుతుందని?

సీతానగరం_స్ప్రింటర్:
నా వీల్స్ పేరుగానీ ధరగానీ ఇక్కడ ఎత్తానా? నీతి అంటగట్టకండి. మీకు మీ పద్ధతి తప్ప ఏదీ నచ్చదు. ఈ ఊళ్లో ఎవరూ మంచి బైకు ఎక్కకూడదన్నట్టు మాట్లాడతారు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. అమ్మకాల సంగతి ఆ విభాగంలోనే మాట్లాడుకోండి.

స్పోక్‌కీ_గుంటూరు:
ఎక్కొద్దని ఎప్పుడూ అనలేదు. 300 బీఆర్ఎంలో రాత్రి 2 గంటలకు చిలకలూరిపేట దాటాక బండి ఆగితే పక్కన ఎవరుంటారు? కేబుల్, బ్రేక్ ప్యాడ్, స్పోకు జేబు సంచిలో పెట్టుకోవచ్చు, రోడ్డు పక్కన చేత్తో వేసుకోవచ్చు. తెల్లారాక ఏ ఊళ్లో సైకిల్ షాపు తెరిచినా అతనికి తెలిసిన పని. హైడ్రాలిక్ గొట్టం లీకైతే? ప్యాడ్‌కి నూనె అంటుకుంటే? ఇక్కడ మినరల్ ఆయిల్, బ్లీడ్ కిట్ (గొట్టంలో గాలి తీసే సామాను) పెట్టుకున్నవాళ్లు ఎందరు? దారిలో బాగుచేసుకోలేని భాగం దూరప్రయాణం బైకు మీద ఉండకూడదన్నదే నా మాట. వేగం గొడవ నాకు లేదు.

సీతానగరం_స్ప్రింటర్:
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ణే కాదు. సరే, దానికే జవాబు. మీరు చెప్పే ఆ భాగాలే మార్కెట్లోంచి పోతున్నాయి. షిమానో 105 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు) 12 స్పీడుకు మారినప్పుడు రిమ్ బ్రేకు వదిలేసింది. కొత్త ఫ్రేముల్లో రిమ్ బ్రేక్‌వి వెతుక్కోవాల్సి వస్తోందని మీరే రాశారు. మంచి రిమ్ బ్రేక్ రిమ్ములు ఇంకో ఐదేళ్లకు సులభంగా దొరుకుతాయని మాటివ్వగలరా? పోయే పద్ధతి మీద ఈ రోజు పెట్టే డబ్బు రేపు అమ్మినా రాదు.

పైగా వానాకాలం చూడండి. కరకట్ట మీద ఇసుక నీళ్లు పడితే బ్రేక్ ప్యాడ్ ఆకురాయిలా రిమ్‌ని తినేస్తుంది. అరిగితే చక్రమంతా విప్పి కొత్త రిమ్‌తో కట్టాలి. డిస్క్‌లో అరిగేది రోటర్ (బ్రేకు పట్టే పళ్లెం), ఐదు నిమిషాల్లో మార్చేస్తారు. హైడ్రాలిక్ భయమైతే కేబుల్‌తో నడిచే మెకానికల్ డిస్క్ కాలిపర్లున్నాయి, రోడ్డు పక్కన వాటికీ అదే అలెన్ కీ చాలు. 32 టైరు పడుతుంది, ఆయన చేతుల తిమ్మిరికీ పనికొస్తుంది.

స్పోక్‌కీ_గుంటూరు:
మెకానికల్ డిస్క్ అయితే నా అభ్యంతరం సగం పోతుంది. కానీ మంచి ఫ్రేమ్ పారేసి కొత్త బైకు కొనడానికి "రేపు భాగాలు దొరకవు" అన్నది కారణంగా ఒప్పుకోను. 8 స్పీడు చైన్లు, క్యాసెట్లు ఏ షాపులో అడిగినా ఇస్తున్నారు.

ఉదయం_రైడ్:
కృష్ణలంక గారూ, రిమ్ అరుగుదల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. వెనక రిమ్ మీద బ్రేక్ పట్టే చోట స్టీలు స్కేలు నిలువుగా ఆనించి చూశారా?

బ్రాడీపేట_పెడల్:
ఏ చక్రం వేసినా హబ్ కొలిచాకే స్పేసర్ కొనండి, మళ్లీ చెబుతున్నా.

కృష్ణలంక_సైక్లిస్ట్:
ఇప్పుడే చూశాను. ముందు రిమ్‌కి స్కేలు సరిగ్గా అంటుకుంది. వెనక రిమ్‌కి మధ్యలో ఒక మిల్లీమీటరు దాకా వెలుతురు కనిపిస్తోంది. అరుగుదల తెలిపే చుక్క గుంట ముందు రిమ్ మీద ఉంది, వెనకదాని మీద ఎంత వెతికినా లేదు.

స్పోక్‌కీ_గుంటూరు:
ఆ చక్రం ఎక్కకండి, రేపు పాలకు వెళ్లడానికి కూడా వద్దు. టైరులో గాలి ఇప్పుడే తీసేయండి. గోడ పలచబడ్డ రిమ్‌ని లోపలినుంచి టైరు ఒత్తిడి బయటికి నెడుతూనే ఉంటుంది, ఒకసారి విచ్చుకుందంటే గాలి ఒక్కసారిగా పోయి, రిమ్ అంచు బ్రేకులో ఇరుక్కుని చక్రం అక్కడికక్కడ పట్టేస్తుంది. నిన్నంతా బరువుల లెక్కలు రాశాం, ముందు అడగాల్సింది ఇది.

సీతానగరం_స్ప్రింటర్:
ఇందులో నాకు రెండో మాట లేదు. నా దగ్గర అల్యూమినియం వెనక చక్రం ఒకటి ఖాళీగా ఉంది, 130 మి.మీ., హబ్ 10 స్పీడుది, మీ క్యాసెట్ స్పేసర్ లేకుండానే ఎక్కుతుంది. అమ్మకానికి కాదు, మీది తేలేదాకా వాడుకోండి. ప్రైవేటు మెసేజ్ పెట్టండి.

కృష్ణలంక_సైక్లిస్ట్:
చాలా థ్యాంక్సండీ. కొండపల్లి ఈ వారం మానేస్తాను. 28 టైరుకి అలెన్ కీలు పైనా పక్కనా దూరాయి. బైకు మార్చే సంగతి 200 అయ్యాక చూస్తాను, ఇప్పటికి వెనక చక్రం కట్టిస్తా.

స్పోక్‌కీ_గుంటూరు:
మంచిది. రిమ్, హబ్ చేతికొచ్చాకే స్పోకులు కొనండి. రిమ్ లోపలి కొలత, హబ్ ఫ్లాంజ్ కొలతలు వేసి పొడవు లెక్కగట్టాలి. వెనక చక్రంలో కుడివైపు స్పోకు ఎడమదానికంటే ఒకటి రెండు మి.మీ. పొట్టిగా వస్తుంది, ఒకే సైజు రెండు వైపులా ఇస్తే తీసుకోకండి.

సీతానగరం_స్ప్రింటర్:
కట్టించే ముందు మొత్తం ఖర్చెంతో రాయించుకోండి. 75 వేలలో పది పన్నెండు వేలు దాటిందంటే ఆపేయండి, అది మీ డిస్క్ బైక్ డబ్బు.

స్పోక్‌కీ_గుంటూరు:
దాటినా కట్టించండి. ముందు చక్రం హబ్ కోన్లు (బేరింగుల్ని పట్టి ఉంచే ముక్కలు) కూడా అదే రోజు విప్పి గ్రీజు పెట్టించండి.