చిన్న ఇళ్ళకు కూడా వేడి తగ్గించే రూల్స్ తప్పనిసరి చెయ్యాలా?

పైఅంతస్తు_మియాపూర్:
మేం అద్దెకుంటున్నది అయిదో అంతస్తు, పైన ఒట్టి స్లాబే. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండింటికి కూడా పడమటి గోడ మీద చెయ్యి ఆన్చలేం. ఫ్యాన్ వేస్తే పైనున్న వేడంతా మంచం మీదికి దిగుతుంది. సాయంత్రం అయిదింటికి మా అత్తయ్య నాలుగు బకెట్ల నీళ్ళు డాబా మీద గుమ్మరిస్తారు, పది నిమిషాల్లో చుక్క మిగలదు. ఓనర్ గారిని పైన తెల్ల రంగు వేయించమని అడిగితే "కరెంటు బిల్లు మీదే కదమ్మా" అన్నారు. 200 యూనిట్లు దాటితే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాలి, మా పాత ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు తిరిగితే ఇరవై రోజులకే ఆ గీత దాటేస్తాం.

ఇక అసలు సంగతి. 2023లో మన తెలంగాణ రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే డాబా ఎండని వెనక్కి కొట్టేలా తెల్ల పూతలాంటిది వెయ్యాలని. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి, ఇళ్ళయితే 600 గజాలు, ఆపైన ఉన్న ప్లాట్లకే. మిగతా వాళ్ళది వాళ్ళ ఇష్టం. ఈ ఊళ్ళో 600 గజాల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? వంద, నూటయాభై, రెండొందల గజాల్లోనే కదా మనమంతా ఉండేది. డాబా, కిటికీల మీద సన్‌షేడ్, గోడ, ఈ మూడింటికీ ప్రతి కొత్త ఇంట్లో రూల్ పెట్టాలని నేనంటాను. మీరేమంటారు?

నిజాంపేట_బిల్డర్:
అక్కా, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. రెండొందల గజాల్లో స్టిల్ట్ ప్లస్ నాలుగు (కింద పార్కింగ్, పైన నాలుగంతస్తులు) వేసే నాలాంటి వాళ్ళకి స్టీలు, సిమెంటు, సెంట్రింగ్ కూలీ అన్నీ పెరిగి మిగిలేది అంతంతమాత్రమే. పదేళ్ళ నుంచి ఫ్లాట్లు అమ్ముతున్నా, వాస్తు అడుగుతారు, మంజీరా నీళ్ళొస్తాయా అని అడుగుతారు, కారు పార్కింగ్ అడుగుతారు. డాబా మీద ఏం వేశావని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అడగని దానికి డబ్బు పెట్టి ధర పెంచితే పక్క సైట్‌కి పోతారు. రూల్ పెడితే ఇంకో కాగితం, ఇంకో సంతకం, దానికో చెయ్యి తడపడం. ఈ రూల్ ముచ్చటంతా చివరికి అక్కడికే వస్తుంది, నేను చూస్తూనే ఉన్నా.

కొత్తపేట_ఏసీపని:
ఒక్క మాట చెప్తా. ఎండాకాలంలో నాకొచ్చే ఫోన్లలో చాలావరకు పై అంతస్తు వాళ్ళవే. "ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ నింపండి" అంటారు. పోయి గేజ్ పెట్టి చూస్తే గ్యాస్ బాగానే ఉంటుంది. అదే కంపెనీ, అదే టన్నున్నర ఏసీ కింది ఫ్లాట్‌లో అరగంటకి గది చల్లబరుస్తుంది, పైన రాత్రి రెండింటి దాకా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మిషన్‌ది తప్పు కాదు, స్లాబే చల్లారదు.

లోడ్_లెక్కలు:
నేను పెద్ద భవనాల ఏసీ లోడ్ లెక్కలు వేసే పనిలో ఉన్నాను. కొన్ని సంగతులు చెప్పుకుంటే వాదన తేలికవుతుంది.

వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు కోడ్ దేశంలో 2007లో వచ్చింది, 2017లో మార్చారు. ఇళ్ళకోసం 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. 2022 చట్ట సవరణతో నివాస భవనాలు కూడా కోడ్ కిందికి వచ్చాయి, కానీ కనెక్టెడ్ లోడ్, అంటే భవనంలోని కరెంటు సామాన్లన్నిటి మొత్తం లోడ్, 100 కిలోవాట్లు, ఆపైన ఉంటేనే. నాలుగైదంతస్తుల మామూలు ఇల్లు అక్కడిదాకా రాదు. అంటే అక్కగారి ఇల్లు అటు కోడ్ కిందికీ రాలేదు, ఇటు కూల్ రూఫ్ కిందికీ రాలేదు.

ఇక వేడి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం నీడ పడని రోజొకటి వస్తుంది, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మే నెలంతా ఇంచుమించు అదే పరిస్థితి. గోడల కంటే డాబా మీదే ఎండ ఎక్కువ పడుతుంది. స్లాబ్‌లోంచి వేడి దిగే కొలత 1.2 దాటకూడదని సంహిత చెప్తుంది, మనం వేసే అయిదంగుళాల ఒట్టి స్లాబ్‌ది 3 పైనే. అందుకే మొదటి రూల్ డాబాకే పెట్టాలి.

బిల్డర్ గారూ, కాగితం గురించి మీరన్నది నిజమే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో నేను పనిచేసిన ఒక భవనంలో డ్రాయింగ్‌లో రాసిన గాజు ఒకటి, సైట్‌లో దిగింది ఇంకోటి. లెక్క మాత్రం కోడ్‌కి సరిపోయినట్టే ఫైల్లో ఉంది. ఇప్పుడు ఆ బిల్డింగ్‌లో పడమటివైపు కూర్చునేవాళ్ళు మధ్యాహ్నం మూడింటికి బ్లైండ్లు దించి, లైట్లు వేసుకుని పనిచేస్తున్నారు. అందుకే చిన్న ఇళ్ళకు లెక్కల రూల్ వద్దంటాను. కంటికి కనిపించేవే పెట్టాలి. డాబా తెల్లగా ఉందా లేదా, కిటికీ మీద సన్‌షేడ్ రెండడుగులు ఉందా లేదా. ఇది చూడ్డానికి ఇంజనీరే అక్కర్లేదు, ఫొటో తీస్తే వీధిలో ఎవరికైనా తెలుస్తుంది.

బోడుప్పల్_120గజాలు:
మేం ఇప్పుడే కడుతున్నాం, లోన్ మీద. మీరందరూ రూల్ రూల్ అంటుంటే నాకు టెన్షన్ వస్తోంది. స్లాబ్ వేసేరోజు కాంక్రీటు మిల్లర్ వాడికి డబ్బు సర్దలేక మా ఆయన రెండు చోట్ల చేబదులు తెచ్చారు. పైన ఇంకో రంగు, ఇంకో పలక అంటే అదీ అప్పే. చెయ్యనని కాదు, నాకూ చల్లటి ఇల్లు కావాలి. అయితే ముందు సర్కారు కట్టించే వాటిలో చెయ్యమనండి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలిస్తున్నారు కదా, ఆ ఇళ్ళ డాబాలన్నిటికీ తెల్ల పూత కూడా అందులోనే చేర్పించండి. పేదవాళ్ళ ఇంటిమీద చేసి చూపించాక మా మీద పెట్టండి.

పైఅంతస్తు_మియాపూర్:
చెల్లీ, ఇందిరమ్మ ఇళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు సరైనది, నాకు తట్టలేదు. ఖర్చు సంగతి మాత్రం చెప్తాను. ఉప్పల్‌లో మా చిన్నమామయ్యగారు పోయినేడాది సుమారు వెయ్యి చదరపు అడుగుల డాబాకి రెండు పూతలు కూల్ పెయింట్ వేయించారు, కూలీతో కలిపి 28 వేలయింది. ఇంటి ఖర్చులో అది ఎలివేషన్‌కి అతికించే టైల్స్ పాటి కూడా కాదు. మధ్యాహ్నం ఆ డాబా మీద చెప్పుల్లేకుండా నడిచాను, మా డాబా మీద అలా రెండడుగులు కూడా వెయ్యలేం. దుమ్ము పడితే పని చెయ్యదు కాబట్టి ఏటా ఉగాదికి ముందు కడుగుతున్నారు, అంతే.

నిజాంపేట_బిల్డర్:
తెల్ల డాబా వరకైతే సరే, నేను గొడవ పడను. సన్‌షేడ్ కూడా సరే, మా నాన్న కట్టిన ఇళ్ళకి రెండడుగుల చజ్జా లేని కిటికీయే లేదు, ఎలివేషన్ పిచ్చి వచ్చాక మేమే తీసేశాం. గోడ జోలికి మాత్రం రావద్దు. నేనిప్పటికే ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు) వాడుతున్నా, బరువు తక్కువ, పని తొందరగా అవుతుందని. కానీ కొనేవాళ్ళు మేకు నిలవదు, పగుళ్ళొస్తాయి అని ఎర్ర ఇటుకే కావాలంటారు. రూల్ పెడితే ఆ పంచాయితీ నా తలమీదికొస్తుంది.

లోడ్_లెక్కలు:
గోడ విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆరంగుళాల ఏఏసీ గోడ తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ కంటే తక్కువ వేడిని లోపలికి పంపుతుంది, పైగా గదిలో మూడంగుళాలు మీకే మిగులుతాయి. కొనేవాళ్ళకి కార్పెట్ ఏరియా అని చెప్పండి, వింటారు. అయినా గోడని మొదటి విడతలో వదిలేద్దామంటే నాకు అభ్యంతరం లేదు.

కొత్తపేట_ఏసీపని:
మరి ఇప్పటికే కట్టేసిన ఇళ్ళ సంగతేంది? కోడ్ కొత్తవాటికే కదా. అక్క ఉండే ఇంటికి ఏ రూలూ రాదు. ఓనర్‌కి ఆస్తి పన్నులో కొంచెం తగ్గించినా రంగు వేయిస్తాడేమో.

పైఅంతస్తు_మియాపూర్:
తెలుసు తమ్ముడూ, మా ఇంటికి రాదు. పన్ను తగ్గింపు మంచి ఆలోచన, అడుగుదాం. కానీ మా ఎదురుగా నూటయాభై గజాల్లో ఇల్లు లేస్తోంది, పొద్దున్నే బాల్కనీలోంచి చూస్తుంటాను. ఆఖరి స్లాబ్‌కి సెంట్రింగ్ కట్టేశారు, ఎల్లుండి కాంక్రీటు పోస్తారట. పడమటి గోడకి మూడు పెద్ద కిటికీలు వదిలారు, ఒక్కదానికీ సన్‌షేడ్ లేదు. టులెట్ బోర్డు మాత్రం అప్పుడే గేటుకి కట్టేశారు.