జనగణన 2027: ‘పని’ ప్రశ్నలు ఉంచాలా, ఎత్తేయాలా?

లెక్కలపద్దు

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన వస్తోంది. జనాభా లెక్కల్లో ఉపాధి ప్రశ్నలు ఇక అనవసరమని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

2011 షెడ్యూలులో 29 ప్రశ్నలుంటే ఎనిమిది పని గురించే. గత ఏడాది ఎప్పుడైనా పని చేశారా, సాగుదారా, కూలీయా, వృత్తి ఏమిటి, ఏ రంగం, సొంతమా, ఇంకొకరి దగ్గరా, పని చేయకపోతే ఏం చేస్తారు, పని వెతుకుతున్నారా, పనిచోటు ఎంత దూరం. ఇవన్నీ ఒక స్కూలు టీచరు ఫిబ్రవరి 9 నుంచి 28 లోపు ఆరేడు వందల మందికి నింపాలి. ‘ఏడాదిలో ఆరు నెలలు పని చేశారా’ అంటే గుమ్మంలో నిలబడి ఎవరు లెక్కేసి చెబుతారు? నోటికొచ్చింది చెబుతారు.

అదే పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం జరిపే శాంపిల్ ఉపాధి సర్వే) అయితే శిక్షణ పొందిన సిబ్బంది చేస్తారు, 2025 నుంచి నెలనెలా ఫలితాలిస్తోంది. 22,692 శాంపిల్ యూనిట్లు (ఊళ్లు, పట్టణ బ్లాకులు), ఒక్కోదాంట్లో 12 ఇళ్లు, అంటే 2.72 లక్షల కుటుంబాలు. ఇంకేం కావాలి?

దాళ్వా

మండలం కావాలండీ. ఊరు కావాలి.

మీ 2.72 లక్షల ఇళ్లను 700 పైచిలుకు జిల్లాలకు పంచండి. సగటున జిల్లాకు నాలుగొందలు కూడా రావు. అందులోంచి ఒక మండలంలో మహిళా వ్యవసాయ కూలీలెందరో ఎలా తీస్తారు? 2025 నుంచి జిల్లానే ప్రాథమిక స్ట్రాటమ్ (శాంపిల్ తీసే మూల విభాగం) చేశారు, నిజమే. దాంతో శాంపిల్ అన్ని జిల్లాలకూ చేరుతుంది తప్ప మండలం అంకె రాదు. ఊరి స్థాయిలో ప్రధాన (ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పని చేసిన), ఉపాంత (అంతకన్నా తక్కువ చేసిన) శ్రామికులు, సాగుదారులు, కూలీలు, కుటుంబ పరిశ్రమవారు, ఇతరులు అని విడదీసి ఇచ్చేది జనగణన ప్రైమరీ అబ్‌స్ట్రాక్ట్ (ప్రాథమిక పట్టిక) ఒక్కటే.

ఇంకోటి మర్చిపోతున్నారు. పంచాయతీగానే ఉన్న ఊరిని ‘సెన్సస్ టౌన్’గా గుర్తించాలంటే మూడు షరతులు: 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 సాంద్రత, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం. మూడోది ‘పని చేశారా’, ‘సాగుదారా, కూలీయా’ అన్న కాలమ్‌ల నుంచే వస్తుంది. 2001లో 1,362 ఉన్న సెన్సస్ టౌన్లు 2011లో 3,894 అయ్యాయి. ఆ కాలమ్‌లు తీసేస్తే పల్లె ఏదో, పట్నం ఏదో చెప్పలేరు. మీ పీఎల్‌ఎఫ్‌ఎస్ శాంపిలే గ్రామీణం, పట్టణం అన్న విభజన మీద నడుస్తుంది.

లెక్కలపద్దు

సెన్సస్ టౌన్ సంగతి ఒప్పుకుంటాను. దానికి రెండు ప్రశ్నలు చాలుగా, ఎనిమిదెందుకు? పైగా ఆ అంకెల నాణ్యత చూడండి. ఆడవాళ్ల పని రేటు (మొత్తం ఆడవాళ్లలో పని చేసేవారి శాతం) 1961లో దాదాపు 28 శాతం. 1971కి అందులో సగానికి పడిపోయింది. పదేళ్లలో ఆడవాళ్లు పొలాలు వదిలేసి ఇంట్లో కూర్చున్నారా?

బీడీకట్ట

కూర్చోలేదు, ప్రశ్న మారింది. 1961లో సీజను పనైతే ఆ సీజనులో ఎక్కువ కాలం రోజుకు గంటకు పైగా చేస్తే చాలు, శ్రామికురాలే. 1971లో ముందు ‘మీ ముఖ్య వ్యాపకం ఏమిటి’ అన్నారు. నాట్లేసి, కలుపు తీసి, వంట చేసే మనిషి ‘ఇల్లు చూసుకుంటాను’ అంటుంది. అక్కడితో సరి. 1981లో ప్రధాన, ఉపాంత అని విడగొట్టి 183 రోజుల గీత గీశారు. 1991లో ప్రశ్నలోనే ‘పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేని పని కూడా’ అని కలిపారు. 2001 నుంచి ఇంటి వాడకానికే పాడి ఉన్నా పనే. 2011లో ఉపాంతాన్ని మళ్లీ మూడు నెలల దగ్గర రెండు చేశారు.

ఇక నాణ్యత. 2011 జనగణనలో గ్రామీణ మహిళల పని రేటు 30 శాతం. 2011-12 ఎన్‌ఎస్‌ఎస్ (పీఎల్‌ఎఫ్‌ఎస్‌కు ముందున్న జాతీయ శాంపిల్ సర్వే)లో 24.8. పట్టణాల్లో 15.4, 14.7, దాదాపు ఒకటే. శిక్షణ ఉన్న సర్వేకే పల్లె ఆడవాళ్లు తక్కువ చిక్కారు. ఎన్‌ఎస్‌ఎస్‌లో అనుబంధ పనిగా (ముఖ్య వ్యాపకం కాని పని) లెక్కకు రావాలంటే 30 రోజులైనా ఉండాలి. జనగణనలో ఒక్క రోజైనా చాలు. తేడాలో కొంత అక్కడిది. అందుకే ఎవరైనా ‘ఉపాధి రేటు’ అనగానే ఏ రేటని అడగాలి. 2011 మహిళా శ్రామికుల్లో 40 శాతం ఉపాంతమే. ప్రధాన శ్రామికుల్నే తీసుకుంటే దేశవ్యాప్త 25.5 కాస్తా 15 చుట్టూ ఆగుతుంది.

నిరుద్యోగి_హైదరాబాద్

ఇదంతా సరే, వారంలో ఒక్క గంట పని చేసినా ఉద్యోగి అని రాసుకోవడం మోసం కాదా? నిరుద్యోగం తగ్గించి చూపడానికే కదా.

బీడీకట్ట

అది జనగణన కాదు, పీఎల్‌ఎఫ్‌ఎస్ కరెంట్ వీక్లీ స్టేటస్, అంటే గత వారం పనిని బట్టి వేసే లెక్క. గంట నియమం అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం, 1982 నుంచీ ఉన్నదే. ఆ గంటలో తయారైంది దేశ ఉత్పత్తిలో చేరుతుంది కాబట్టి ఆ మనిషి శ్రామికుల్లో ఉండాలి, అదీ తర్కం. పని చాలడం లేదా అన్నది వేరే కొలత, దానికి గంటల సంఖ్య చూడాలి. అసలు తికమక ఏమిటంటే, 2025 ఏప్రిల్ నెలవారీ నిరుద్యోగం 5.1 శాతం అన్నది వారం లెక్క. 2023-24 వార్షిక నివేదికలోని 3.2 ఏడాది లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి ‘పెరిగింది’ అని హెడ్డింగు కొట్టే పత్రికల్ని ఏమనాలి?

జనగణన అంకెను నిరుద్యోగ రేటుగా వాడొద్దన్న మాటలో మాత్రం లెక్కలపద్దు గారితో నేనూ ఏకీభవిస్తాను. అందులో ఒకే ప్రశ్న ‘పని వెతుకుతున్నారా, లేదా దొరికితే చేస్తారా’ అని రెండూ కలిపి అడుగుతుంది. దరఖాస్తులు పెట్టే కుర్రాడూ, ‘దగ్గర్లో ఉంటే చేస్తా’ అనే గృహిణీ ఒకే కోడ్.

లండన్ లెక్క

పక్క ఉదాహరణ ఒకటి. ఇంగ్లండ్, వేల్స్ జనగణన 2021 మార్చి 21న జరిగింది, అదీ గత ఏడు రోజుల పని అడుగుతుంది. కోవిడ్ ఫర్లోలో (ప్రభుత్వ సాయంతో జీతమిస్తూ పని ఆపించిన సెలవు) ఉన్నవాళ్లను ‘తాత్కాలికంగా పనికి దూరం’ అని రాయమన్నారు. పదేళ్లకోసారి వచ్చే అంకె ఆ ఒక్క వారానికి కట్టుబడిపోయింది. మన ఏడాది రెఫరెన్స్‌కు ఆ బెడద లేదు. మినుము కోతల సమయమా, ఖాళీ సమయమా అన్నదానితో నిమిత్తం లేదు. గుర్తుండకపోవడం దానికి చెల్లించే మూల్యం.

దాళ్వా

మన రాష్ట్రాల్లో అసలు చిక్కు ‘సాగుదారా, కూలీయా’ అన్న కాలమ్. సాగుదారు అంటే భూమి ఉన్నవాడు కాదు. డబ్బుకో, గింజకో, పాలుకో ఇతరుల భూమి తీసుకుని సాగు చేసేవాడూ సాగుదారే. కౌలుకిచ్చి వదిలేసిన ఆసామి కాడు. కానీ ‘పర్యవేక్షణ’ పని కిందికే వస్తుంది, కనుక విజయవాడలో ఉండి ఫోన్లో పురమాయించే ఆసామి కూడా ‘వ్యవసాయం’ అంటే రాసేస్తారు. కౌలుదారేమో, రాతకోతల్లో పేరు పడితే ఆసామి వచ్చే ఏడు భూమి ఇవ్వడని ‘కూలి’ అంటాడు. ఆంధ్రలో 2019 చట్టం కింద కౌలు కార్డుకు యజమాని సమ్మతి కావాలి కాబట్టి ఆ భయం ఉత్తుత్తిది కాదు. దేశంలో 2001, 2011 మధ్య సాగుదారులు 12.73 కోట్ల నుంచి 11.88 కోట్లకు తగ్గారు, వ్యవసాయ కూలీలు 10.68 నుంచి 14.43 కోట్లకు పెరిగారు. ఇందులో ఎంత నిజమైన మార్పో, ఎంత ఇలాంటి దాపరికమో ఆ కాలమ్ చెప్పదు.

దీనికి మందు ప్రశ్న తీసేయడం కాదు. జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఈ రికార్డు ఎవరూ తనిఖీ చేయరాదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లదు. ఆ ముక్క ఎన్యూమరేటర్ ముందే చెప్పాలి.

లెక్కలపద్దు

సరే, అన్నీ తీసేయాలన్న మాట వెనక్కి. ‘ఏ రంగం’, ‘సొంతమా, ఇంకొకరి దగ్గరా’, ‘పనిచోటు ఎంత దూరం’ మాత్రం సర్వేకే వదలమంటాను.

బీడీకట్ట

పనిచోటు దూరం పోయినా పరవాలేదు. ‘సొంతమా, ఇంకొకరి దగ్గరా’ ఉండాలి, నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు కుటుంబ పరిశ్రమ కోడ్‌లోకి వెళ్తారు, ఆ కాలమ్ లేకపోతే సొంత సరుకో, కంపెనీ ఆకూ తంబాకో తేలదు. ఇక ఈసారి వివరాలు నింపే మొబైల్ యాప్ గురించి. కాగితంలో ‘పని చేశారా’ దగ్గర ‘లేదు’ అని కోడ్ పడగానే ‘పని చేయకపోతే ఏం చేస్తారు’కి దూకేవారు. ఈసారి యాప్ కూడా అలాగే దూకితే 1971 మళ్లీ వస్తుంది. ఆడవాళ్లకు ‘లేదు’ నొక్కేముందు నాలుగు అడగాలి: నాట్లకు, కలుపుకు వెళ్లారా? గొడ్లు మేపి పాలు పితికారా? ఇంట్లో చుట్టడం, కుట్టడం డబ్బుకు చేశారా? కొట్లో కూర్చున్నారా? జవాబు కూడా ఆమే చెప్పాలి. అరుగు మీద కూర్చున్న ఇంటాయన ‘ఏం చేయదండీ’ అంటే కోడ్ వేసేయకూడదు.