చిత్రాల వేలం: శనివారం పనులు ఎవరు చూస్తారు?

కార్యదర్శి – మంగళవారం రాత్రి 9:05
అందరికీ నమస్కారం. ఇంకా నాలుగు రోజులే ఉంది. ఈ రాత్రికల్లా కేటలాగ్ ప్రింటుకి పంపాలి, అందుకే రాస్తున్నాను. మిగిలిన పనులు: 34 చిత్రాలకు చీటీలు, పాట పాడేవాళ్లకు నంబరు కార్డులు, మైకు, డబ్బు తీసుకునే టేబుల్ దగ్గర ఇద్దరు, ఈ వేలం డబ్బుతో నడిపే బొమ్మల క్లాసుల్లో చేరే పిల్లల జాబితా. ఎవరు ఏది తీసుకుంటారో ఇక్కడే రాయండి.

చిత్రాలు సేకరిస్తున్న అక్క – 9:20
12వ నంబరు కొలతలు రేపు పొద్దున ఇస్తాను. అది ఆయిల్ రంగుల బొమ్మ. పోయిన నెలలోనే గీశారు, రంగు చాలా మందంగా ఉంది. అలాంటిది లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. దయచేసి దాన్ని ప్లాస్టిక్‌లో చుట్టకండి.

హాల్ పని చూస్తున్న అన్న – 9:41
కేటలాగ్ కాస్త ఆపండి. హాల్ వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. గోడలకు ఏదీ తగిలించకూడదట. మేకులే కాదు, అంటించే హుక్కులు కూడా వద్దంటున్నారు. కొత్తగా రంగు వేయించారట. అరగంట బతిమాలాను, వినలేదు.

చిత్రాలు సేకరిస్తున్న అక్క – 9:44
గోడలు లేకుండా 34 చిత్రాలు ఎక్కడ పెడతాం అన్నా? బల్లల మీద పడుకోబెడితే పై లైట్లు గాజు మీద పడి బొమ్మే కనపడదు. సరిగ్గా కనపడని బొమ్మకి ఎవరు పాట పెంచుతారు?

కోశాధికారి – 9:52
అన్నీ రాతపూర్వకంగా తీసుకోమని మొదటి మీటింగులోనే చెప్పాను. ఇప్పుడు హాల్ మారిస్తే అడ్వాన్సు పోతుంది. అది పిల్లల రంగులకీ, టీచరు జీతానికీ పోవాల్సిన డబ్బు.

హాల్ పని చూస్తున్న అన్న – 9:58
ఆరేళ్లుగా నోటి మాట మీదే అదే హాల్లో చేస్తున్నాం. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. సగం రోజు సెలవు పెట్టి తిరుగుతున్నది నేను. నా మీద నమ్మకం లేకపోతే ఇంకెవరికైనా అప్పగించండి.

కార్యదర్శి – 10:03
ఇద్దరూ ఆగండి. ఫోటోలు పెట్టి ఆన్‌లైన్‌లో వేలం వేస్తే ఎలా ఉంటుంది?

చిత్రాలు సేకరిస్తున్న అక్క – 10:10
వద్దు. ఫోన్‌లో రంగు ఒక్కో స్క్రీన్‌కి ఒక్కోలా కనిపిస్తుంది. కుంచె పెట్టిన గీతలు, కాగితం గరుకు అసలే తెలియవు. మనమీద నమ్మకంతో ఇచ్చినవాళ్లకి ఏం చెప్పను?

నాటకాల సామాను చూసే తమ్ముడు – 10:31
అక్కా, బట్టలు తగిలించే చక్రాల స్టాండ్లు మా గ్యారేజీలో 7 ఉన్నాయి. ఎస్ ఆకారం కొక్కేలు, సన్న గొలుసులు కొంటే చిత్రాలు వాటికే వేలాడదీయొచ్చు. గోడ జోలికే పోనక్కర్లేదు.

ఫ్రేములు కట్టే బాబాయి – 10:50
మంచి మాట. కానీ బరువు చూసుకోవాలి. అదే కొలతకి అక్రిలిక్ షీటు (గాజు బదులు వేసే ప్లాస్టిక్) కంటే గాజు రెట్టింపుకి పైగా బరువుంటుంది. గాజు వేసిన పెద్దవి 8 ఉన్నాయి. అవి స్టాండుకి కడితే పడిపోతాయి, వాటిని ఈజిళ్ల (బొమ్మ ఆనించి నిలబెట్టే కాళ్ల స్టాండ్ల) మీద పెట్టండి. 12వది కూడా పెద్దదే, అయితే గాజు లేదు కాబట్టి కొక్కేనికి ఆగుతుంది. దాన్ని ఒక చివర ఒంటరిగా ఉంచండి, ఎవరి చెయ్యీ తగలకూడదు. మిగిలినవి స్టాండుకి నాలుగు చొప్పున, ముందు రెండు, వెనక రెండు. రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి. ప్రతి ఫ్రేముకీ రెండు గొలుసులు. ఒకే దారం మీద వేలాడితే చక్రాలు కదిలినప్పుడల్లా పటం తిరిగిపోతుంది. చక్రాలు లాక్ చేసి, కింద నీళ్ల క్యాన్లు కట్టండి.

చిత్రాలు సేకరిస్తున్న అక్క – 11:02
వాటర్ కలర్స్ మీద లైట్లు తగ్గించాలా బాబాయి?

ఫ్రేములు కట్టే బాబాయి – 11:09
మ్యూజియాల్లో వాటిని సుమారు 50 లక్స్, అంటే బాగా తక్కువ వెలుతురులో ఉంచుతారు. వెలుతురు చేసే నష్టం ఏళ్ల తరబడి పోగవుతుంది, అందుకని. ఒక్క సాయంత్రానికి ఏమీ కాదు. కిటికీలోంచి నేరుగా ఎండ పడకుండా చూసుకోండి చాలు. లైట్లు నిండుగా వేయండి, జనం బాగా చూడాలి.

కోశాధికారి – బుధవారం ఉదయం 7:15
రాత్రి మాట తూలాను అన్నా, క్షమించండి. పోయిన ఏడాది డబ్బు చాలక సగంలో ఆపేసిన క్లాసే కళ్ల ముందు మెదిలింది. గొలుసులు, కొక్కేలు నేనే కొనుక్కొస్తాను.

హాల్ పని చూస్తున్న అన్న – 7:40
నీ బెంగ నాకు తెలియదా అమ్మా. నేనూ తొందరపడ్డాను. హాల్ మధ్యలో స్టాండ్లు పెట్టడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఈసారి మెయిల్‌లో రాయించుకున్నాను. అయితే కుర్చీలకి చోటు ఉండదు. అందరూ నిలబడి తిరగాల్సిందే.

కోశాధికారి – 8:05
అయితే 34కీ మైకులో పాట వద్దు. స్టాండ్ల మీది 26కీ పక్కన ఒక్కో కాగితం పెడదాం, ఎవరి పాట వాళ్లు రాసుకుంటారు. ముందు రాసినదానికి కనీసం 10 శాతం పెంచాలి. సరిగ్గా 8 గంటలకు కాగితాలు తీసేస్తాం. ఈజిళ్ల మీది 8 మాత్రం గట్టిగా పాడిద్దాం. ముగ్గురు చిత్రకారులు ఇంతకంటే తక్కువకి ఇవ్వొద్దని కనీస ధర చెప్పారు. ఆ కాగితాల్లో మొదటి గీత అక్కడి నుంచే మొదలవ్వాలి. లేకపోతే తక్కువకి పాడినవాళ్లకి కాదని చెప్పాల్సి వస్తుంది, నాకది ఇష్టం లేదు.

తెలుగు బడి టీచరు – 8:30
చీటీలు మా పిల్లల చేత రాయిస్తాను. కేటలాగ్ కోసం చూస్తూ కూర్చోవద్దు. ఒక్కో స్టాండు దగ్గర ఇద్దరు పిల్లలు నిలబడి, ఆ బొమ్మ దేనితో వేశారో చెబుతారు. క్రేయాన్‌కీ పాస్టెల్‌కీ తేడా ఇప్పుడు వాళ్లకి బాగా తెలుసు. నిన్న ఒక పాప వేలితో రుద్ది మరీ నాకు చూపించింది.

కార్యదర్శి – 8:34
సరే టీచర్. ప్రింటుకి పంపడం లేదు.

నాటకాల సామాను చూసే తమ్ముడు – శుక్రవారం రాత్రి 10:20
ఏడు స్టాండ్లూ నిలబెట్టాం, 26 చిత్రాలూ ఎక్కించాం. గంట నుంచి చూస్తున్నాను, ఏదీ కదల్లేదు. 12వది చివరి స్టాండుకి ఉంది.

చిత్రాలు సేకరిస్తున్న అక్క – 10:26
ఫోటోలో 19వది కొంచెం కిందికి ఉంది తమ్ముడూ. చిత్రం మధ్య భాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటే కంటికి సరిపోతుంది. పిల్లల బొమ్మలు మాత్రం కిందే ఉంచు, వాళ్ల స్నేహితులు చూడాలి కదా.

ఫ్రేములు కట్టే బాబాయి – 10:41
21వ దాని వెనక తీగ వదులుగా ఉంది. పొద్దున 7కి వస్తాను. ఎవరైనా పటకారు తీసుకురండి.

హాల్ పని చూస్తున్న అన్న – 10:43
నా కారులో ఉంది బాబాయి. తాళం కూడా నా దగ్గరే ఉంది, 6:45కే తెరుస్తాను.