‘వైవాహిక అత్యాచారం’ – ఈ మాట ఎవరికి అర్థమవుతోంది?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, సాయం కావాలి.

బోరబండలో ఆడవాళ్ల మీటింగ్ కోసం చట్టాల మీద కరపత్రం రాస్తున్నాం. పేపర్లలో వచ్చేటట్టే ‘వైవాహిక అత్యాచారం’ అని పెట్టాను. ఒకామె పైకి చదివి, “పెళ్లిల జరిగిందా మేడం?” అని అడిగింది. అందులో ఆమె తప్పేం లేదు. వైవాహికం అంటే పెళ్లికి సంబంధించింది అనేగా. చేసిందెవరో, ఎవరికి జరిగిందో ఆ మాటలో ఎక్కడా లేదు. భార్యకు ఇష్టం లేకుండా భర్తే చేసేది అని విడమరిచి చెప్పాక ఆమె కాగితం మడతపెడుతూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “జబర్దస్తి చేసుడా? అట్లనే రాయరాదుండ్రి” అంది.

అప్పటి నుంచి అదే ఆలోచన. ఎందుకంటే ఈ విషయంలో గొడవంతా పేరు దగ్గరే ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు అమల్లో ఉన్న నేరాల చట్టం, భారతీయ న్యాయ సంహిత, 63వ సెక్షన్ రెండో మినహాయింపు చూడండి. భార్యకు 18 ఏళ్లు నిండితే భర్త చేసింది ‘అత్యాచారం కాదు’ అంటుంది. క్షమిస్తున్నాం అనదు, అసలు అది కాదంటుంది. (పాత చట్టంలో ఆ వయసు 15. 2017లో సుప్రీంకోర్టు 18 చేసింది.) 2024 అక్టోబర్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది కూడా మాట గురించే: భార్య సమ్మతిని కాలరాసే హక్కు భర్తకు లేదు, కానీ దాన్ని అత్యాచారం కింద చూడటం మరీ కఠినం అని.

వ్యాఖ్య: ‘బలాత్కారం’ అంటే సరిపోదా అండీ? జబర్దస్తి అన్నా అదే కదా.

జవాబు: నేనూ ముందు అదే అనుకున్నాను సార్. కానీ బలాత్ అంటే బలంతో. చట్టం చూసేది బలాన్ని కాదు, ఇష్టాన్నీ సమ్మతినీ. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. పిల్లలు లేస్తారని నోరు మూసుకున్న ఆడమనిషి ‘బలాత్కారం’లో ఇమడదు. ‘మానభంగం’ అయితే ఇంకా అన్యాయం, తప్పు వాడిదైతే భంగం ఈమెకా?

వ్యాఖ్య: భర్త విషయంలో అత్యాచారం అంటే పెద్ద మాట. కాపురాలు ఏమవుతాయి?

జవాబు: ఆ భయం చాలామందిలో ఉంది, మా ఇంట్లో పెద్దవాళ్లూ అదే అంటారు. కానీ అన్నా, ఆ రాత్రి తర్వాత అది కాపురంగా మిగిలిందా అన్నది ఆమెను అడగాలి కదా. ఆ పెద్ద మాటను సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్‌లోనే వాడింది, గర్భస్రావం నిబంధనల వరకు భర్త చేసిందీ అత్యాచారం కిందికే వస్తుందని. 2013లో కేంద్రం తెచ్చిన ఆర్డినెన్స్ చట్టంలోంచి ‘అత్యాచారం’ అనే మాట తీసేసి ‘లైంగిక దాడి’ అని పెడితే మహిళా సంఘాలు ఒప్పుకోలేదు. చట్టం అయ్యేసరికి పాత మాటే తిరిగి వచ్చింది.

నేను చివరికి రాసుకున్నది ఇదీ: “భార్యకు ఇష్టం లేకుండా భర్త చేసే అత్యాచారం. (జబర్దస్తి చేసినా, చేయకపోయినా.) 18 నిండి, భర్తతో కలిసి ఉంటున్న భార్య విషయంలో దీన్ని అత్యాచారంగా శిక్షించే సెక్షన్ ఇంకా రాలేదు. 2005 గృహహింస చట్టం కింద మాత్రం రక్షణ అడగొచ్చు.”

‘వైవాహిక’ కొట్టేశాను. ఇంతకంటే తేలిక మాట తోస్తే రేపు సాయంత్రం లోపు చెప్పండి, ప్రింట్‌కి ఇచ్చేయాలి.