టింకరింగ్ తరువాత వేసిన కొత్త పెయింటు: విశాఖ సముద్రగాలిలో మొదటి నెల జాగ్రత్తలు

ప్రశ్న (లాసన్స్ బే నివాసి):

అందరికీ నమస్కారం. ఒక ఆటో తగలడంతో మా కారు ఎడమవైపు ముందు తలుపూ ఫెండరూ నొక్కుకుపోగా, షెడ్డులో టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, ఆ రెండు భాగాలకూ మెటాలిక్ సిల్వర్ రంగు వేసి నిన్ననే కారు తిరిగి ఇచ్చారు. బూత్‌లో వేడి పెట్టి ఆరబెట్టాము కనుక ఇక ఏ జాగ్రత్తా అక్కర్లేదని షెడ్డువారు అంటున్నారు. సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద రక్షణకు పూసే పొర) వేసేవారేమో, ఉప్పుగాలి పట్టకముందే ఈ వారంలోనే వేయించుకోమంటున్నారు. మా అపార్టుమెంటులో కారును ఆరుబయట వేపచెట్టు కిందనే నిలపాలి. కాకుల బెడద సరేసరి. కవరు కప్పవచ్చునా, ఎప్పటినుంచి కడగవచ్చు, కోటింగ్ ఎప్పుడు వేయించాలి? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

సమాధానం (ఆటోనగర్ పెయింటర్):

షెడ్డువారు చెప్పినది సగమే నిజమండి. కంపెనీలో కొత్త బాడీకి రంగు వేసే సమయానికి దానికి రబ్బర్లు, ప్లాస్టిక్కులు, వైర్లు ఏవీ బిగించి ఉండవు కాబట్టి, సుమారు 140 డిగ్రీల వేడిలో ఉంచి పొరను పూర్తిగా గట్టిపరుస్తారు. అన్నీ బిగించి ఉన్న కారుకు షెడ్డులో అంత వేడి పెట్టే వీలులేదు. 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచడం మామూలు. దానితో పైనున్న క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పొర) చేతికి అంటకుండా ఆరుతుంది గాని, పొరలో మిగిలిన థిన్నర్ మెల్లమెల్లగా బయటికి పోవడమూ, పొరను గట్టిపరిచే హార్డెనర్ తన పని పూర్తి చేయడమూ మరికొన్ని వారాలపాటు సాగుతూనే ఉంటాయి.

ఆ థిన్నర్ బయటపడకముందే సిరామిక్ కోటింగో వ్యాక్సో పెయింటు మీద అతికించే పారదర్శక ఫిల్మో వేసి మూసేస్తే, మెరుపు మసకబారడం, సన్నని బుడగలు రావడం వంటివి జరగవచ్చు. కాబట్టి కనీసం 30 రోజులు ఆగండి. ఫిల్మ్ అతికించే ఆలోచన ఉంటే ఇంకా ఎక్కువ ఆగడం మంచిది. వాడిన క్లియర్ కోటు ఏ కంపెనీదో షెడ్డులో అడిగి తెలుసుకుంటే, ఎంతకాలం ఆగాలో ఆ కంపెనీ సూచనల్లోనే చూసుకోవచ్చు. ఈ వారమే రమ్మని తొందరపెట్టేవారి మాటను మాత్రం పక్కన పెట్టండి.

మొదటి వారం కడగకపోవడమే ఉత్తమం. ఆ తరువాత బానెట్ చల్లారాక, నీడలో, ముందు ధారాళంగా నీళ్లు పోసి మట్టి జారిపోయేలా చేసి, కారు షాంపూ, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో పైపైన తుడవండి. బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే ద్రవం వద్దు. వాటర్ వాష్ సెంటరులో గట్టి ధారను కొత్త పెయింటు అంచుల మీదికి దగ్గరగా పట్టనివ్వకండి. బోరు నీటితో కడిగితే, ఆరేలోగా తుడిచేయాలి. లేకుంటే తెల్లటి ఉప్పు చుక్కలు మిగులుతాయి.

సమాధానం (గాజువాక వాసి):

పైన చెప్పిన వాటితో ఏకీభవిస్తున్నాను. కవరు విషయంలో నా సలహా ఒక్కటే: ఈ నెలంతా కప్పవద్దు. కవరు కింద తేమ నిలుస్తుంది. సముద్రపు గాలికి అది రెపరెపలాడినప్పుడల్లా దాని కింద చేరిన దుమ్ము పెయింటు మీద గరుకు కాగితంలా రాసుకుంటుంది. మా వైపు పోర్టు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజపు దుమ్ము ఎక్కువ కాబట్టి, పొడి గుడ్డతో దులిపే అలవాటును కూడా మానుకోవాలి. పొద్దున్నే ఈకల కుచ్చుతో కారు తుడిచే వాచ్‌మన్‌కు ఈ మాట ముందే చెప్పి ఉంచండి!

కాకి రెట్ట పడితే సాయంత్రం దాకా ఆగవద్దు. ఎండలో అది బిగుసుకునే కొద్దీ క్లియర్ కోటును తినేస్తుంది. తడిగుడ్డను దాని మీద కొద్ది నిమిషాలు పరచి, నానాక ఎత్తివేయాలి గాని రుద్దరాదు. వీలైతే ఈ కొద్ది వారాలూ చెట్టు కిందినుంచి కారును మరోచోటికి మార్చండి.

సమాధానం (పాత కార్ల అభిమాని, భీమిలి):

అందరూ పైమెరుపు గురించే చెబుతున్నారు. తీరం దగ్గర ఉండేవారు అంతకంటే ముందు తలుపు లోపలి భాగం చూసుకోవాలని నా అభిప్రాయం. తలుపు అడుగు అంచున వాననీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. లప్పం గాని పెయింటు గాని వాటిని మూసివేస్తే నీరు లోపలే నిలిచి, ఉప్పుగాలి తోడై, కొత్త పెయింటు కిందినుంచే తుప్పు మొదలవుతుంది. పైకి బుడగలు కనిపించేసరికి రేకును తుప్పు తినేసి ఉంటుంది. సుత్తి దెబ్బలు తగిలిన చోట లోపలివైపు ఉన్న పాత రక్షణ పొర కూడా లేచిపోతుంది. లోపల తుప్పు నిరోధక పూత పూశారో లేదో షెడ్డులో అడగండి, పూయకపోతే పూయించండి. ఇది లోపలి పని కనుక 30 రోజులు ఆగవలసిన అవసరం లేదు.

లాసన్స్ బే నివాసి:

అందరికీ ధన్యవాదాలు. కోటింగ్ వాయిదా వేశాను. తలుపు అడుగున చూస్తే ఒక రంధ్రం సగం పూడి ఉంది. దానిని నేనే పిన్నుతో పొడవవచ్చునా?

పాత కార్ల అభిమాని, భీమిలి:

ఇనుప పిన్ను వద్దండి, అంచున పెయింటు లేచి అక్కడే తుప్పు పడుతుంది. షెడ్డుకు తీసుకువెళ్లి, వారిచేతనే తీయించి, ఆ అంచుకు మళ్లీ టచప్ వేయించండి.