రెండువైపులా ఒకేలా ఉండాల్సిన టర్కీ కార్నేషన్: వరుస మారేచోట దారం ఎలా తిప్పాలి?

ఒట్టోమన్ కాలపు పెష్కిర్ తువ్వాళ్ల అంచుల్లో కనిపించే కార్నేషన్ పువ్వును లినెన్ మీద కుడుతున్నాను. ఆ పాత తువ్వాళ్లలో బట్ట తిరగేసినా పువ్వు అంతే శుభ్రంగా ఉంటుంది. వాటి అందమంతా అక్కడే ఉంది, నాకు కుదరనిదీ అదే.

బట్ట అంగుళానికి 28 పోగులు. రెండు పోచల పట్టుదారం, 26 నంబరు మొన లేని సూది. కుట్టు పెసెంట్: 3 పోగుల మీద వేసి, 3 వదులుతూ వరుస చివరిదాకా వెళ్లి, తిరిగొస్తూ ఖాళీలు నింపడం. కర్ణాటక ఎంబ్రాయిడరీ అయిన కసూతిలో గవంతి కుట్టు వచ్చినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

తొడిమ, ఆకులు చక్కగా వచ్చాయి. రంపప్పళ్లలాంటి రేకుల కొసల దగ్గరే చిక్కు. అక్కడ ప్రతి వరుసా కింది వరుస కంటే 2 పోగులు లోపలికి జరుగుతుంది. పైకి వెళ్లేటప్పుడు వెనకవైపు ఏటవాలుగా సన్నటి గీత పడుతోంది. లేత గులాబీ దారం కావడంతో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

అప్పటికే వేసిన కుట్ల కిందనుంచి దారం తీసుకెళ్లి చూశాను, అక్కడ ఉబ్బింది. వరుసవరుసకీ దారం తెంపితే ఒక్క రేకుకే 14 కొసలు తేలాయి, గోరువెచ్చని నీళ్లలో ఒక్కసారి ఉతికేసరికి రెండు ఊడాయి. ఫ్రేము బిగువు తగ్గించినా ఫలితం లేదు. అంచు చుట్టూ జరీ తిప్పి కప్పేయడం నాకు ఇష్టం లేదు.

పెసెంట్ కుట్టులో వరుస పొడవు తగ్గేచోట, వెనక గీత పడకుండా దారాన్ని పైవరుసలోకి ఎలా తీసుకెళ్లాలి?