అప్‌డేట్: సంక్రాంతి పిండివంటలు, అదుపు తప్పే తిండి

పండుగల్లో కడుపు నిండాక కూడా ఆపుకోలేక, ఎవరూ చూడకుండా అరిసెలు తింటూనే ఉంటున్నానని, దీనికి మార్గం చెప్పమని సంక్రాంతికి ముందు అడిగాను. మీలో కొందరి సలహాపై మానసిక వైద్యురాలిని కలిశాను. ఇది జిహ్వచాపల్యం కాదనీ, మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే, 2013లో వచ్చిన గ్రంథం డీఎస్‌ఎమ్‌-5 ప్రత్యేక రుగ్మతగా గుర్తించిన బింజ్ ఈటింగ్ డిజార్డర్ (అదుపు లేకుండా అతిగా తినే రుగ్మత) అనీ ఆమె వివరించినప్పుడు గుండె బరువు దిగినట్లనిపించింది. పగలంతా పస్తుంటే రాత్రి ఆ ఉధృతి మరింత పెరుగుతుందని చెప్పి, మూడు నాలుగు గంటలకోసారి తప్పక తినమన్నారు. అందుకే భోగి పొద్దున్నే ఇడ్లీ తిన్నాను. అరిసెలను డబ్బా దగ్గర నిలబడి కాకుండా, ప్లేటులో పెట్టుకొని అందరి మధ్యా కూర్చుని తిన్నాను. కనుమ రాత్రి గారెల దగ్గర అదుపు తప్పింది. అయినా మర్నాడు ఉపవాసం ఉండకుండా మామూలుగానే టిఫిన్ చేశాను. కొసరి కొసరి వడ్డించవద్దని పెద్దమ్మకు అమ్మే నచ్చజెప్పింది. చికిత్స కొనసాగుతోంది.